బండిని మా వాకిట్లోకి రానివ్వండి

అధ్యక్షులు, మనందరి మాస్టారు హంసా మాష్ గారికి, పంచాయతీ ప్రెసిడెంటు ఉషాకుమారి గారికి, ఆసుపత్రి పని ఆపుకుని వచ్చిన డాక్టరు గారికి, మా నర్సు రమ్లా సిస్టరుకి, మంచాన పడ్డవాళ్ళని ఇళ్ళకెళ్ళి చూసుకునే మన సాంత్వనం వాలంటీర్లకు, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, వెనక గోడకానుకుని నిలబడ్డ ఆటోస్టాండు మిత్రులకు, లోపలికి రమ్మన్నా రాకుండా కిటికీ అవతలే నిలబడి వింటున్న టీకొట్టు కుంజిప్పకు, అందరికీ నమస్కారం.

నాకు మైకు అలవాటు లేదు. ఇన్నేళ్ళూ నేను జనంతో మాట్లాడింది హారనుతోనే. (నవ్వులు) చదివింది కూడా ఈ స్కూల్లోనే, ఈ హాల్లోనే, నాలుగో క్లాసు దాకా. లేచి నిలబడి పాఠం అప్పజెప్పమంటే అప్పుడు కిటికీ వైపు చూసేవాణ్ణి. ఇప్పుడూ అటే చూస్తున్నాను. అందరికీ దండం పెట్టి, శాలువా మడిచి చంకలో పెట్టుకుని, వెంటనే దిగిపోదామనే వచ్చాను. కానీ ఇక్కడ కూర్చుని నా గురించి మీరందరూ చెప్పిన మాటలు విన్నాక, ఏమీ మాట్లాడకుండా దిగిపోతే అబద్ధానికి తలూపినట్టవుతుందనిపించింది.

ముందు ఆ ఫ్లెక్సీ సంగతి చెప్పాలి. నా సన్మానానికని కూడలిలో అంత పెద్ద ఫ్లెక్సీ కట్టారు మన కుర్రాళ్ళు. నా దగ్గర ఫొటోలేవీ లేవంటే డ్రైవింగ్ లైసెన్సు మీదున్న ఫొటోనే పెద్దది చేసి, చుట్టూ తెల్ల పూలు వేయించి, కింద రెండు పక్కలా దీపాలు కూడా పెట్టించారు. మన ఊళ్ళో పూలతో దీపాలతో ఫొటో ఎప్పుడు కడతారో మీకు తెలుసు. (నవ్వులు) నిన్న పొద్దున మా ఆవిడ తంకమణి పెదనాన్న కొడుకు అచ్యుతన్ మంజేరి బస్సులో పోతూ కిటికీలోంచి అది చూశాట్ట. రాసింది చదివేలోపు బస్సు మలుపు తిరిగింది. తర్వాతి స్టాపులో దిగి, ఆటో ఎక్కి, మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చి, వాకిట్లో చెప్పులు విడిచి, చాలా మెల్లిగా అడిగాడు.

"ఎలా జరిగింది తంకమణీ?"

మా ఆవిడ చేపలు తోముతోంది. "ఏది ఎలా జరిగింది?"

"అదే... వేలాయుధన్..."

"పాలు తేవడానికెళ్ళారు. కూర్చో, టీ తాగి వెళ్దువుగాని."

ఇంతలో నేను పాల ప్యాకెట్టుతో వచ్చాను. బతికున్నవాణ్ణి చూసి సంతోషించాల్సింది పోయి నన్ను కిందినుంచి పైకి చూసి, "పనికి సెలవు కూడా పెట్టేశాను కదయ్యా!" అని కోప్పడ్డాడు. (నవ్వులు)

నవ్వండి. మేమూ నవ్వుకున్నాం. కానీ అతను వెళ్ళిపోయాక అరుగు మీద కూర్చుంటే, అచ్యుతన్‌ది తప్పేం లేదు, కాస్త ముందొచ్చాడంతే, అనిపించింది. ఆ మాట ఎందుకంటున్నానో చెప్తాను.

హంసా మాష్ ఇందాక ఏమన్నారు? వేలాయుధన్‌కి అసహ్యమంటే తెలీదు, సిగ్గంటే తెలీదు, మంచాన పడ్డవాళ్ళకీ వాళ్ళని చూసుకునే మనకీ సిగ్గు విడవడం నేర్పాడు, ఇప్పుడు చూపు ఆనక స్టీరింగు వదిలేస్తున్నాడు, అన్నారు. మాష్‌కి అబద్ధం చెప్పడం రాదు. ఎవరైనా చెబితే నమ్మడం మాత్రం వచ్చు. చెప్పినవాణ్ణి నేనే. నా చూపు బాగానే ఉంది. ఆ వెనక గోడ మీద గడియారం ఇక్కణ్ణించి కనబడుతోంది, అది ఆగిపోయిందని కూడా తెలుస్తోంది.

(హాల్లో గుసగుసలు)

రమ్లా సిస్టరూ, నువ్వలా తల దించుకోకు. నీ గురించి కూడా చెప్పాలి.

మొదట్లో నా పని బండి నడపడం వరకే. సిస్టరు మందుల పెట్టె పట్టుకుని లోపలికెళ్తే, నేను బయట కొబ్బరి పీచు కుప్ప పక్కన నిలబడి బీడీ కాల్చుకునేవాణ్ణి. నన్ను మొదటిసారి లోపలికి పిలిచింది బీరాన్ ఇక్కా ఇంట్లో. బీరాన్ ఇక్కా మీలో చాలామందికి తెలుసు, నాకు అన్నలాంటివాడు, కలప డిపోలో దుంగలు మోసినవాడు, ఆయన ఒక్కడూ భుజానికెత్తుకున్న దుంగని ఇద్దరు కలిసి దించలేకపోయేవారు. అలాంటి మనిషికి వెన్నులో గడ్డ లేచి కాళ్ళు పడిపోయాయి. ఇంక నయం కాదని ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. ఒంటి మీద ఎవరినీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు, కట్టుకున్నదాన్ని కూడా. నడుం కింద పుండు పడింది. సిస్టరు దుప్పటి తియ్యబోతే ఆ అంచుని పళ్ళతో పట్టుకున్నాడు. సిస్టరు గుమ్మంలోకొచ్చి, "ఏట్టా, ఓసారి లోపలికి రండి," అంది. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ నేను ఏట్టన్నే, అన్ననే కదా.

నేను వెళ్ళి, వాలంటీర్లకి ట్రైనింగులో చెప్పే మాటే చెప్పాను. "ఇందులో సిగ్గుపడేదేముంది ఇక్కా? మేమందరం మీవాళ్ళమే కదా."

ఆయన దుప్పటి వదిలాడు. నా మొహంలోకి చూశాడు. "నువ్వు నిలబడి చెప్తున్నావు వేలాయుధా. నేను పడుకుని వింటున్నాను," అన్నాడు.

నేను నవ్వేశాను. ఆయన్ని పక్కకి తిప్పి కడిగాం, పుండుకి మందు పెట్టాం, పక్కబట్టలు మార్చాం. వచ్చేస్తుంటే పిలిచి, "బండి రేషన్ షాపు దగ్గర ఆపి నడిచిరండి, మా గేటు ముందు పెట్టకండి. సాంత్వనం అని అంతలేసి అక్షరాలు రాయించుకున్నారు. చూసినవాళ్ళంతా నన్నెప్పుడు మోస్తారా అని లెక్కలేసుకుంటారు," అన్నాడు.

"జనం చందాలేసుకుని కొన్న బండి ఇక్కా. దాచుకు తిరగడానికి ఏమన్నా దొంగసారా బండా?" అని నేను తమాషా చేశాను. తర్వాతి మంగళవారం కూడా గేటు ముందే ఆపాను. ఆపైన ఆయనేమీ అనలేదు. తిప్పినవైపు తిరిగేవాడు. పేషెంటు బాగా సహకరిస్తున్నాడని మనం మీటింగులో చెప్పుకున్నాం. జిల్లా క్యాంపులో నన్ను లేచి నిలబడమని చప్పట్లు కొట్టించారు.

మనం ఆయనకి కీడు చేశామని అనడం లేదు. ఆయన నొప్పి లేకుండా, శుభ్రంగా, కంటినిండా నిద్రపోతూ వెళ్ళిపోయాడు. ఆయన భార్య ఇప్పటికీ పెరున్నాళ్ పండగకి మా ఇంటికి పత్తిరి రొట్టెలు పంపిస్తుంది. నేను చెప్పేది, నువ్వు నిలబడి చెప్తున్నావన్న ఆ ఒక్క మాట గురించే. అది నాకు మొన్నమొన్నటి దాకా అర్థం కాలేదు.

పోయిన ఓణం అయ్యాక నాకు ఒంట్లో తేడా వచ్చింది. మూత్రానికి కష్టమయ్యేది. తర్వాత నడుం నొప్పి. డ్రైవరుకి నడుం నొప్పి రాకపోతే వింతగానీ వస్తే వింతేముంది, ఎవరూ అడగలేదు. నాకు మాత్రం లోపల తెలుసు. ఇన్ని ఇళ్ళ ముందు బండి ఆపినవాడికి ఆ నొప్పి పోలిక తెలీకుండా ఉంటుందా? నా పక్క సీట్లో నర్సు. వెనక సీట్లో డాక్టరు. వాళ్ళ కాళ్ళ దగ్గర మందుల పెట్టె. నేను నోరు తెరవలేదు. బండికి స్పేరు పార్టులు తేవాలని చెప్పి, బస్సెక్కి, మనవాళ్ళెవరూ తగలని వేరే జిల్లా ఆసుపత్రికి వెళ్ళాను. వాళ్ళు పరీక్షలు చేసి, క్యాన్సరని, ఎముకల్లోకి కూడా పాకిందని చెప్పి, మూత్రానికి పైపు వేసి సంచీ తగిలించారు. పంపేటప్పుడు అక్కడి చిన్న డాక్టరమ్మ, మంచిపిల్ల, నా భుజం మీద చెయ్యి వేసి, "అంకుల్, మీ వైపు సాంత్వనం వాళ్ళని ఉన్నారట. ఇంటికే వచ్చి చాలా బాగా చూస్తారని పేరు. కబురు పెట్టండి, బండేసుకుని వస్తారు," అంది.

"అలాగా అమ్మా? కనుక్కుంటాను," అన్నాను.

(నవ్వులు)

నవ్వొచ్చే మాటే. తంకమణికి చెబితే తనూ ముందు నవ్వింది.

ఆ సంచీ ఇప్పుడు కూడా ఉంది. ఈ పంచె కింద, కాలికి కట్టి. అదిగో, చెప్పీ చెప్పగానే అందరూ ఇటే చూశారు. నేను భయపడింది దీనికే.

మీకు గుర్తుండే ఉంటుంది, నేను పంచె ఎప్పుడూ మోకాళ్ళ పైకి మడిచి కట్టేవాణ్ణి. పెద్దవాళ్ళు ఎదురొస్తే దించడం, వాళ్ళు దాటగానే మళ్ళీ మడవడం. ఈమధ్య దించిన పంచె దించినట్టే ఉంచాను. ఊరంతా మెచ్చుకుంది. "వేలాయుధేట్టన్‌కి ముసలితనంలో మర్యాద వచ్చింది," అని కుంజిప్ప టీకొట్లో అన్నాడు. అన్నావా లేదా? (కిటికీ దగ్గర నవ్వులు) రమ్లా సిస్టరు మాత్రం నమ్మలేదు. ఓ రోజు బండిలో పోతుండగా అడిగింది.

"పంచె కాళ్ళ దాకా దించి నడుపుతున్నారు, ఎవరికి ఏట్టా ఇంత మర్యాద?"

"వయసొచ్చింది కదా సిస్టరూ."

"వయసు మీకెప్పుడో వచ్చింది. పంచె ఈమధ్యే దిగింది. బండి పక్కకి ఆపండి."

"అక్కడ పేషెంట్లు ఎదురుచూస్తుంటారు."

"ఇక్కడ ఉన్న పేషెంటు సంగతి ముందు చూద్దాం. ఆపండి."

రబ్బరు తోటల దగ్గర ఆపాను. ఇంజను ఆపినా స్టీరింగు వదల్లేదు. వదిలితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. అన్నీ చెప్పాను. చెప్పి, "ఎవరికీ చెప్పనని మాటివ్వు. ఈ బండి మా ఇంటికి రానివ్వనని మాటివ్వు," అన్నాను.

"నడిపేది మీరే కదా. మీరు తీసుకెళ్ళకపోతే ఎలా వస్తుంది?"

"నేను మానేస్తాను. కళ్ళు కనబడటం లేదని చెప్తాను."

"నాకెందుకు ఏట్టా ఇన్ని అబద్ధాలు అంటగడతారు?" అంది. తర్వాత, "సరే. బస్సులో వస్తాను," అంది.

వచ్చింది. తనకి సెలవున్న రోజున, ఎర్రటెండలో గొడుగేసుకుని, పైపులూ దూదీ గ్లవుజులూ బట్టల కొట్టు సంచీలో పెట్టుకుని, మా ఇంటికెక్కే ఎత్తంతా నడిచి. ఆ సామాను తన చేతి డబ్బుతో కొన్నది. దారిలో మా పక్కింటావిడ అడిగితే, తంకమణి అక్క దగ్గర మామిడికాయ పచ్చడి నేర్చుకుంటున్నానని చెప్పేది. "ఇంకా రాలేదా ఆ పచ్చడి నీకు?" అని ఆవిడ దెప్పిపొడిచేది. ఇన్ని ఇళ్ళకి నేను దర్జాగా బండిలో దింపిన మనిషి నా ఇంటికి దొంగలా వచ్చింది. అదొక్కటేనా? క్యాన్సరు నొప్పికిచ్చే ఆ మత్తు మాత్ర డాక్టరు చూసి రాసిస్తే తప్ప ఇవ్వకూడదు. డాక్టరుకి నేను చెప్పనివ్వలేదు. ఆ మాత్ర అలవాటైపోతుందని భయపడకండి, వేసుకుని హాయిగా పడుకోండి అని నేను ఎంతమందికి ధైర్యం చెప్పానో డాక్టరు గారికి తెలుసు. నేను మాత్రం ఆ మాత్రలున్న పెట్టె పక్కనే కూర్చుని, పళ్ళు బిగబట్టి, గేర్లు మార్చాను. మలుపు తిరిగినప్పుడల్లా కళ్ళు చెమర్చేవి. అందుకే కళ్ళు బాగోలేదంటే మీరు నమ్మారు.

మొదటిసారి సిస్టరు పైపు శుభ్రం చెయ్యడానికి వచ్చినప్పుడు నేను దుప్పటి పట్టుకున్నాను. పళ్ళతో కాదు, చేత్తో. కానీ వదల్లేదు. తన పిల్లప్పటినుంచి నేనెరిగిన అమ్మాయి. నాతో నీళ్ళబాటిలు పంచుకుని తాగిన అమ్మాయి. ఆ మాట అంటుందని ఎదురుచూశాను. ఇందులో సిగ్గుపడేదేముంది అంటే, ఇక లేచి వెళ్ళిపొమ్మందామనే అనుకున్నాను. తను అనలేదు.

"సిగ్గుగానే ఉంటుంది ఏట్టా. నాకూ సిగ్గుగానే ఉంది. ఇద్దరం కాసేపు సిగ్గుపడదాం. ఈలోపు పని అయిపోతుంది," అంది.

తంకమణి గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. ఏడుస్తూనే నన్ను తిట్టింది. "ఊళ్ళో అందరి గుమ్మాల ముందూ ఆపారు బండి. మన గుమ్మం ఏమన్నా రాజుగారి కోటా? ఆ పిల్లని ఎండలో నడిపిస్తున్నారే, మీకు సిగ్గుగా లేదూ?"

ఉంది. అదే చెప్పడానికి ఇంతసేపు తిప్పాను. సంచీకి పడ్డ సిగ్గుకంటే ఇది ఎక్కువగా ఉంది. ఈ శాలువా కప్పుతున్నప్పుడు మరీ ఎక్కువైంది.

మంచినీళ్ళు ఇవ్వండి కొంచెం.

(విరామం)

డాక్టరు గారూ, హంసా మాష్, మన సాంత్వనాన్ని ఇంకా ఎలా బాగుచేసుకోవాలని ప్రతి మీటింగులోనూ అడుగుతారు. నేను వెనక కూర్చుని టీ తాగేవాణ్ణి. చెప్పడానికి నాకేముందనుకునేవాణ్ణి. ఇప్పుడు మంచం మీదనుంచి చూసి చెప్తున్నాను. ఆ ట్రైనింగులోంచి, ఇందులో సిగ్గుపడేదేముంది అనే ఆ మాట తీసెయ్యండి. దుప్పటి తీసే ముందు, తియ్యనా అని అడగండి, అడిగాక కాస్త ఆగండి. మనం అడుగుతాం గానీ ఆగం, అడుగుతూనే తీసేస్తాం, తర్వాతి ఇంటికి ఆలస్యమవుతోందని బయట హారను కొట్టింది కూడా నేనే. ఆదివారాలు కాలేజీ పిల్లలు సేవ చూడాలని బండి నిండా వస్తారు, మంచి పిల్లలే, కానీ ఒక్క మనిషిని కడుగుతుంటే అంతమంది చుట్టూ నిలబడి చూడ్డం ఏమిటి? ఒక్కరు లోపలికి రండి, మిగతావాళ్ళు ఆ ఇంటి ముసలావిడకి కట్టెలు చీల్చిపెట్టండి, పొద్దుట్నుంచి మంచం దగ్గర కూర్చున్న కూతుర్ని కాసేపు పడుకోనివ్వండి. బియ్యం సంచీ ఇస్తూ ఫొటోలు దిగడం కూడా వద్దు. ప్రెసిడెంటు గారూ, ఏమీ అనుకోకండి. మొగవాడికి మొగమనిషి సాయం కావాలనిపిస్తే ఆ మాట వాళ్ళనోట వచ్చేదాకా చూడకుండా మనమే అడగాలి. ఇంకేదో ఉంది... ఆఁ, బండి. బండి మీద పేరు చెరపమని అనను. ఆ పేరు చూసి ఊపిరి పీల్చుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. కానీ ఎక్కడ ఆపాలో మనం కాదు, ఆ ఇంటివాళ్ళు చెప్పాలి.

షైనీ, ఎక్కడమ్మా? ఇలా పైకి రా. ఈ అమ్మాయి ఇన్నాళ్ళూ మన స్టాండులో ఆటో నడిపింది, రేపట్నుంచి సాంత్వనం బండి తనది. ఇదిగో తాళం. (చప్పట్లు) ఫస్టు గేరు మొండికేస్తుంది, తిట్టకు, నెమ్మదిగా వెయ్యి. కొత్త ఇంటికి వెళ్ళేముందు ఫోను చేసి, బండి ఎక్కడ ఆపమంటారని అడుగు. రేషన్ షాపు దగ్గరంటే అక్కడే ఆపి, సిస్టరుతో పాటు పెట్టె మోసుకుంటూ నడువు.

మా ఇంటికి నువ్వెప్పుడూ రాలేదు కదూ. కుంజిప్ప కొట్టు దాటాక ఎడమకి తిరిగి, రబ్బరు నర్సరీ పక్కన ఎత్తెక్కాలి. సెకండు గేరులో రా. పైన గేటేమీ లేదు, జంట కొబ్బరిచెట్లుంటాయి. రోడ్డు మీద ఆపొద్దు. తిన్నగా వాకిట్లోకి తెచ్చెయ్యి. పక్కింటావిడ వచ్చి చూస్తుంది. చూడనీ, ఆవిడకి పచ్చడి సంగతి కూడా చెప్పాలి. మంగళవారం మా వైపు రూటు. డాక్టరు గారూ, మీరూ రండి. ఆ మాత్ర రాసివ్వండి.

నాకు సిగ్గు పోయిందని మాత్రం అనుకోకండి. ఇంత చెప్పాక పోతుందనుకున్నాను, పోలేదు. ఆ బండి ఎత్తెక్కే చప్పుడు నాకు ఎంత దూరాన్నుంచైనా తెలుస్తుంది. వినబడగానే దుప్పటి మొహం మీదికి లాక్కుంటానేమో. లాక్కుంటే లాక్కోనివ్వండి. కాసేపు ఆగండి. నేనే తీస్తాను.

పిలిచి కూర్చోబెట్టినందుకు, నా మాటలు విన్నందుకు, బతికుండగానే ఫ్లెక్సీ కట్టినందుకు, మీకందరికీ రుణపడి ఉంటాను. ఇంకొంచెంసేపు కూడా నిలబడలేను. రమ్లా సిస్టరూ, వచ్చి కాస్త చెయ్యి పట్టుకో. ఆ పక్క గుమ్మంలోంచి వద్దు, ఇలా జనం మధ్యలోంచే వెళ్దాం. మీరెవరూ లేవకండి. మరీ అలా చూడకండి కూడా.

సెలవు.